నేను ఉతికేసిన నెత్తురు చీర

ఆ రోజుల్లోనే ఈ సంగతి ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు ఉంది: రాయడం రాదు గనక. నలభై ఆరేళ్ళు నిండాక, మోకాళ్ళు అరిగి పని మానుకున్నాక, మా బోరబండ గల్లీలో ట్యూషన్ చెప్పే టీచరమ్మ దగ్గర రెండో తరగతి పిల్లల వెనక స్టూలు వేసుకుని కూర్చుని నేను అక్షరాలు నేర్చుకున్నాను. (కింద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పిల్లలు చేతులు ఇవ్వాల్సి వచ్చేది. అందుకని స్టూలు.) ఇప్పుడు బస్సు బోర్డులు, మందు సీసాలు, పెండ్లి పత్రికలు అన్నీ చదువుతాను. చదవడానికి ఏమీ లేకపోతే ఉప్పు ప్యాకెట్టు చదువుతాను. అట్లా చదువుకుంటూ ఉంటే ఒకరోజు అనిపించింది, చదువు రాని రోజుల్లో నా మీద పడిన ఆ ఒక్క పూట గురించి నా చేత్తోనే రాసుకోవాలని. ఆ పూటను తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి, ఆ వెనకే నవ్వొస్తుంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సినిమావాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పని. ఆ పనిలో పెట్టించింది మా గల్లీలోనే ఉండే అన్న. సొంత అన్న కాదు, కాస్ట్యూమ్స్ చూసుకునేవాడు గనక అందరికీ కాస్ట్యూమ్ అన్నే. పదకొండేళ్ళు వేరేవాళ్ళ కింద బట్టలు మడతపెట్టి, మొదటిసారి ఒక పిక్చర్ మొత్తం తన చేతికి వచ్చింది ఆయనకు. తెర మీద తన ఒక్కడి పేరు పడుతుందని, ఆ రోజు వాళ్ళమ్మను తీసుకుపోయి మొదటి వరుసలో కూర్చోబెడతానని ఊరంతా చెప్పుకునేవాడు. నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు ఒక్కటే అడిగాడు. "సదువొస్తదా చెల్లె?" నేను టక్కున "ఏడో తరగతి అన్నా" అన్నాను. ఏడే ఎందుకన్నానో నాకే తెలియదు. పది అంటే నమ్మడని, ఐదంటే తక్కువని అయ్యుండాలి.

ఆ అబద్ధంతో రెండు నెలలు హాయిగా నడిచింది. బట్టలకు చీటీలు గుచ్చి ఇచ్చేవాళ్ళు. ఎవరి బట్టలు ఎవరివో నేను రంగులను బట్టి, అంచులను బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. నా మటుకు చీటీ అంటే దాంతోపాటు వచ్చే పిన్నీసు. పిన్నీసు తీసి రవికకు పెట్టుకునేదాన్ని, కాగితం నా చిన్న పర్సులో దోపుకునేదాన్ని. (పారేద్దామంటే భయం, ఎవరైనా ఏదని అడుగుతారేమోనని.) ఇక మరకలంటే నాకు పగ. కాటుక మరక, కూర మరక, గ్రీజు మరక, ఏదైనా సరే నిమ్మకాయ, ఉప్పు పట్టుకుని దాని అంతు చూసేదాకా నిద్రపోయేదాన్ని కాదు. "నీ చేతుల ఏమున్నదే" అని అన్న మెచ్చుకుంటే ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

ఇంట్లో మా అత్త ఉండేది. అత్త దేవుడితో పొద్దంతా మాట్లాడుతూనే ఉండేది, అదీ చిన్న చిన్న సంగతులు. "తల్లీ, ఈ సిలిండరు ఐతారం దాంక రావాలె." "తల్లీ, బస్సుల కిటికీ పక్కన సీటు దొరకాలె." "తల్లీ, ఈ పాలు ఇరగొద్దు." నాకు నవ్వొచ్చేది. నా ఉద్దేశంలో దేవుడంటే ఏడాదికొకసారి బోనం ఎత్తి దండం పెట్టే పెద్ద ఆఫీసరు. మధ్యలో పోయి తలుపు కొట్టకూడదు. ఒకసారి ఊరుకోలేక అన్నాను, "పెద్దమ్మ తల్లికి వేరే పని లేదా అత్తా, నీకు సీటు ఆపెట్టనీకి?" అని. అత్త పాలగిన్నె మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "పెద్ద పనులు అందరు చెప్తరు బిడ్డా. చిన్నయి ఎవరు చెప్పాలె మరి?"

ఇక ఆ సంగతికి వస్తాను. ఫిల్మ్‌నగర్ వెనక రాళ్ళగుట్ట మీద షూటింగ్. కథలో హీరోయినమ్మ తమ్ముడు దెబ్బలు తగిలి ఆమె ఒళ్ళో ప్రాణం విడుస్తాడు. ఆమెకు మీగడ రంగు నూలు చీర, దాని మీద ఒడి నిండా, కొంగు నిండా నెత్తురు. సగం సీను ఒక పొద్దున తీశారు, ఎండ నడినెత్తికి రాగానే ఆపేశారు. మిగతా సగం మర్నాడు అదే వేళకు. మామూలుగా ఇట్లాంటి బట్టలు కాస్ట్యూమ్ వ్యాన్‌లోనే తాళం వేసి పెడతారు. ఆ మధ్యాహ్నం వ్యాన్ రిపేరుకు పోవడంతో అన్నీ మూట కట్టి నాతో ఇంటికి పంపించారు. చీరకు ఎప్పటిలాగే ఒక చీటీ ఉంది. ఎప్పటిలాగే పిన్నీసు రవికకు, చీటీ పర్సులోకి పోయాయి.

ఆ చీర విప్పి చూసి నేను నా కొంగు నడుముకు దోపుకున్నాను. చన్నీళ్ళలో నానబెట్టాను. నిమ్మకాయలు నాలుగు అయిపోయాయి. సబ్బు పెట్టి రుద్దాను, జాడించాను, మళ్ళీ రుద్దాను. అత్త చూసి "గంత కోపమేందే దాని మీద" అంది. నాలుగోసారికి చీర మల్లెపువ్వులా తేలింది. ఆ సాయంత్రం డాబా మీద దాన్ని ఆరేసి, కాసేపు నిలబడి చూసుకున్నాను కూడా. అంత ముచ్చటేసింది నా పని మీద నాకే.

పొద్దున ఆరున్నరకు, రిపేరై వచ్చిన వ్యాన్‌లో, ఇస్త్రీ చేసిన ఆ చీరను రెండు చేతుల మీద పెట్టి అన్నకు అందించాను, గుడిలో పట్టుచీర సమర్పించినట్టు.

"అన్నా, జర చూడు. ఒక్క చుక్క కనబడితే నన్నడుగు."

అన్న చీర వైపు చూశాడు. నా వైపు చూశాడు. మెల్లగా ట్రంకుపెట్టె మీద కూలబడ్డాడు.

"ఏందిది చెల్లె?"

"చీరే అన్నా."

"నెత్తురేది?"

"పోయింది."

"యాడికి పోయింది?"

"మోరీలకు పోయిందన్నా. యాడికి పోతది?"

అన్న తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. చీర ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. నిన్న తీసిన సగంలో నెత్తురుంది. ఈ రోజు తీసే సగంలో అదే నెత్తురు, అదే చోట, అంతే మేర ఉండాలి. లేకపోతే చూసేవాళ్ళకు తమ్ముడు సగం చచ్చి సగం బతికినట్టు ఉంటుంది. తొమ్మిదింటికి షాట్. పెద్దసారుకు (అంటే డైరెక్టర్‌కు) ఇట్లాంటివంటే ఒళ్ళుమంట, పోయిన పిక్చర్‌లో ఒక గడియారం ఎడమ చేతి నుంచి కుడి చేతికి మారిందని ముగ్గుర్ని ఇంటికి పంపించాడు. "పదకొండేండ్లు చెల్లె," అన్నాడు అన్న. తర్వాత తలెత్తాడు. "చీటీ చూడలేదా? ఉతకొద్దని రాసి పెట్టమని ఆ ఫోటోల పిల్లకు చెప్పిన కదా?"

ఇక్కడే నేను నా బతుకులో పెద్ద అబద్ధం ఆడాను. "చీటీ లేదన్నా. యాడనో పడిపోయినట్టుంది."

చీటీ నా రవికలోని పర్సులో ఉంది. దాని పిన్నీసు నా భుజం మీద అన్న కళ్ళకు ఎదురుగానే మెరుస్తోంది.

అన్న ఫోన్ తీసి ఎవరికో చేస్తున్నాడు. నేను వ్యాన్ మెట్టు మీద నిలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బోనాల రోజు కాని రోజున అమ్మవారిని పిలిచాను. ఏమడగాలో తెలియలేదు. తోచిందల్లా అడిగాను. "తల్లీ, వాన పంపు. షూటింగ్ ఆగాలె." పైకి చూస్తే ఆకాశం నీలంగా, నేను ఉతికినంత శుభ్రంగా ఉంది. "పోనీ, హీరోయినమ్మకు జ్వరం రావాలె." ఆ మాట అనగానే నాలుక కరుచుకున్నాను. ఆ పిల్ల నన్ను ఒకసారి తిన్నావా అని అడిగింది కూడా. "వద్దు వద్దు, జ్వరమొద్దు తల్లీ. జర తలనొప్పి చాలు. అది గూడ పది గంటల దాంకనే." నేను బేరం ముగించేలోపే తెల్లకారు వచ్చి ఆగింది. రోజూ గంట ఆలస్యంగా వచ్చే హీరోయినమ్మ ఆ రోజు గంట ముందే, నవ్వుకుంటూ దిగింది. తల నిక్షేపంగా ఉంది.

"మేకప్ తాత ఫోను బందున్నది," అన్నాడు అన్న. ఆ నెత్తురు పూసింది తాతే. ఆ రోజు ఆయనకు పని లేదు, యూసుఫ్‌గూడలో ఇంట్లో ఉన్నాడు. "నిన్న తీసిన ఫోటోలల్ల ముందటిదే కనబడ్తది. కుచ్చిళ్ళ సందుల యాడ ఎంతున్నదో ఆయన చెయ్యికే ఎరుక. ఆటోల పో. ఎనిమిదిన్నర లోపట తాత ఈడ ఉండాలె."

రోడ్డు మీదికి ఉరికాను. ఆ వేళప్పుడు ఆ ఎత్తు మీద ఆటో దొరకడం ఎంత కష్టమో అక్కడ పనిచేసేవాళ్ళకు తెలుసు, కార్లు తప్ప ఏమీ రావు. "తల్లీ, ఒక్క ఆటో," అన్నాను. వంపు తిరిగి ఖాళీ ఆటో వచ్చింది. ఎక్కి కూర్చున్నాక, చెక్‌పోస్టు దగ్గర ఎర్రలైటు. "తల్లీ, పచ్చలైటు." పడింది. (పడక ఏమవుతుంది, ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది కదా అంటారు. మీరు ఆ ఆటోలో లేరు.) కృష్ణానగర్‌లో నీళ్ళ ట్యాంకర్ అడ్డంగా నిలబడింది. "తల్లీ, ట్యాంకర్." ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి "ఎవరితోని మాట్లాడుతున్నవక్కా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, పైకే అంటున్నానని. అది నా గొంతు కూడా కాదు, అచ్చం మా అత్త గొంతు.

తాత ఇంటికి చేరేసరికి ఏడూ నలభై. తాత భార్య, బామ్మగారు, తలుపు తీశారు. వాళ్ళది రాజమండ్రి వైపు, మాట ఎప్పుడూ నిదానమే.

"రామ్మా, కూర్చో. ఆయన పూజలో ఉన్నారమ్మా... పిలిస్తే పలకరు."

"ఎంతసేపు బామ్మగారూ?"

"ఎంతమ్మా, ఓ ముప్పావుగంట. ఈ రోజు ఖాళీ కదా, తీరిగ్గా చేసుకుంటున్నారు. కాఫీ తాగుతావా?"

లోపల తాత ఒక్కో పేరు చదివి ఒక్కో పువ్వు వేస్తున్నాడు. పేరుకీ పువ్వుకీ మధ్య ఒక బస్సు పోయేంత సందు. బుట్టలో పూలు చూస్తే నా కళ్ళు తిరిగాయి. ఆయన దేవుణ్ణి నిలబెట్టి మాట్లాడుతున్నాడు, నేను గడప బయట నుంచి అదే దేవుణ్ణి రమ్మని చెయ్యి పట్టి లాగుతున్నాను. "తల్లీ, తాత పూజకు ఏ లోటూ రావద్దు, గని జర జల్ది కావాలె." ఎదుటివాడి పూజ తొందరగా అయిపోవాలని మొక్కడం పాపమో పుణ్యమో ఎవరినీ అడగలేదు. గోడ మీద గడియారం ఎనిమిది దాటింది. అంతలో బామ్మగారు ఒక మాటన్నారు. "ఏంటమ్మా, అంత చెమటలు పట్టాయి? ఏదైనా ప్రమాదమా?" నేను ఏడ్చేశాను. పెద్దగానే ఏడ్చాను. లోపల పేరు ఆగింది. మిగిలిన పూలన్నీ దోసిట్లోకి తీసుకుని ఒక్కసారే దేవుడి పాదాల మీద పోసి, గంట కొట్టి, తాత బయటికి వచ్చాడు.

"ఏంటమ్మాయ్, ఎవరికేమైంది?"

చెప్పాను. తాత ముందు నోరు తెరిచి చూశాడు, ఆ తర్వాత బొజ్జ అదిరేలా నవ్వాడు. "నలభై ఏళ్ళ సర్వీసులో నేను పెట్టిన రక్తాన్ని ఇంత శ్రద్ధగా ఉతికినవాళ్ళు లేరమ్మాయ్! పద పద, నా పెట్టె అందుకో."

ఎనిమిదీ నలభైకి గుట్ట ఎక్కాం. మరక మడతల్లో పడాలంటే చీర ఒంటి మీద ఉండాలన్నాడు తాత. హీరోయినమ్మ మేకప్‌లో ఉంది. కాబట్టి ఆ చీర నేనే కట్టుకోవాల్సి వచ్చింది. వ్యాన్ పక్కన రాయి మీద నన్ను కూర్చోబెట్టి, ఎర్రరంగులో ఇంత కాఫీ పొడి కలిపి, ఎదురుగా కెమెరాలో ఫోటో చూస్తూ, తాత నా ఒడి నిండా నెత్తురు పూశాడు. కెమెరా పట్టుకుని నిలబడింది ఫోటోలమ్మ. ఆ అమ్మాయి అసిస్టెంట్ డైరెక్టర్, ఇదే మొదటి పిక్చర్. నిన్న తీసినదానికీ ఈ రోజు తీసేదానికీ తేడా రాకుండా ఫోటోలు తీసుకుని, చీటీలు రాసి పెట్టడం ఆమె పని. "తాతగారూ, మోకాలి దగ్గర చిన్న చుక్క... ఇంకొంచెం ఎడమకండీ," అంటోంది. నేను ఊపిరి బిగబట్టి, నాలుగు నిమ్మకాయలు పిండి పోగొట్టిన దాన్ని ఒక్కో చుక్కా తిరిగి వస్తుంటే చూస్తున్నాను. జీవితంలో మరకను చూసి సంతోషపడింది ఆ ఒక్కసారే.

అంతా అయ్యాక తాత తల పంకించాడు. "ఒకటే చిక్కు. నిన్నటిది ఆరిన రక్తం. ఇది తడి. ఇరవై నిమిషాలైనా గాలికి ఆరాలి. ఇస్త్రీ పెట్టె తగిలిస్తే రంగు తిరిగిపోద్ది."

అప్పటికి తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. పైనుంచి మైకులో "కాస్ట్యూమ్, రెడీయా?" అని వినిపించింది. అన్న ముఖంలో చుక్క నెత్తురు లేదు. ఉన్నదంతా నా ఒడిలోనే ఉంది.

సరిగ్గా అప్పుడు చీర మీద నీడ పడింది. తలెత్తి చూస్తే, ఎక్కడ నుంచి వచ్చిందో, గుట్ట మీదికి నల్లటి మబ్బు పాకుతోంది. నా ప్రాణం పైకే పోయింది. ఆరున్నరకు నేను వేసిన అర్జీ! అప్పుడే చేరిందన్నమాట పైకి! ఇప్పుడు వాన పడితే ఈ రంగంతా కారిపోతుంది. "తల్లీ, వాన వద్దు! పొద్దుగాల చెప్పింది కొట్టెయ్యి! నేను తెల్వక అడిగిన!" అని ఆకాశంలోకి చేతులు ఊపాను. ఒంటి నిండా నెత్తురుతో నేనట్లా చేతులు ఊపుతుంటే టీలు అందించే ఆవిడ కప్పులు కింద పెట్టి దండం పెట్టింది. నా మీదికి అమ్మవారు వచ్చిందనుకుంది పాపం.

మైకు మళ్ళీ పలికింది. ఈసారి పెద్దసారు గొంతు. "లైట్ పోయింది. నిన్న ఫుల్లు ఎండ. మబ్బు పోయేదాకా ఎవరూ కదలొద్దు, వెయిట్ చేద్దాం."

నేను చీర మార్చుకుని, దాన్ని తాడు మీద జాగ్రత్తగా ఆరేశాను. చల్లటి గాలి వీస్తోంది. వాన చుక్క పడలేదు. పడ్డది ఆ నీడ ఒక్కటే. వాన అడిగాను నేను, నాకు కావలసింది మబ్బని నాకు తెలియదు. తెలిసినవాళ్ళు పంపించారు.

ఇక్కడితో నా గండం గడిచినట్టే. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఊపిరి అందగానే అన్న ఫోటోలమ్మ మీద పడ్డాడు.

"చీటీ గట్టిగ పెట్టమన్ననా లేదా? పడిపోయిందంట! షాట్ కాంగనే సారుకు చెప్తున్న. నీ పని నువ్వు చేస్తే మాకీ తిప్పలుండునా?"

"పెట్టాను అన్నా, నిజంగా పెట్టాను. పిన్ను గుచ్చుకుంది కూడా నాకు, చూడండి," అని ఆ పిల్ల వేలు చూపించింది. వేలి కొసన గడ్డకట్టిన ఎర్రటి చుక్క. ఆ పొద్దున ఆ గుట్ట మీద ఉన్న అసలు నెత్తురు అదొక్కటే. "సారుకి చెప్పకండి అన్నా. మా నాన్న వద్దంటున్నా వచ్చాను ఈ ఫీల్డుకి. ఇంటికి పంపిస్తే మళ్ళీ రానివ్వరు."

చెబితే నా పని పోతుంది. దానికన్నా, ఏడో తరగతి పోతుంది. రెండు నెలలుగా అందరూ నన్ను చదువుకున్న పిల్ల అనుకుంటున్నారు, అది నాకు కొత్త చీర కట్టుకున్నట్టుండేది. పొద్దుటి నుంచి వాన అడిగాను, జ్వరం అడిగాను, ఆటో అడిగాను, అన్నీ బయటివే. మొదటిసారి నా లోపలిది అడిగాను. "తల్లీ, నోరియ్యి."

ఏమీ మెరవలేదు. ఎవరూ భుజం తట్టలేదు. నా చెయ్యి మాత్రం రవికలోకి పోయి పర్సు తీసింది.

"చీటీ ఉండె అన్నా. ఇగో. నాకు సదవరాదు."

అన్న చీటీ తీసుకున్నాడు. చదివాడు. నన్ను చూశాడు. "ఏడో తరగతి అన్నవ్ కదనే?"

"బడి దాంక పోయిన అన్నా. లోపటికి పోలే."

తాత పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. ఫోటోలమ్మ ఏడుపు మధ్యలో ఆపేసి నా వైపు అట్లానే చూసింది. అన్న ఏదో అనబోయాడు. అంతలో మబ్బు జరిగింది, గుట్ట మీద ఎండ పరుచుకుంది, మైకు అరిచింది. అన్న తాడు మీది చీర ముట్టి చూశాడు. ఆరింది. చీర పట్టుకుని పైకి పరుగెత్తాడు.

ఆ షాట్ పది నిమిషాల్లో అయిపోయిందంటారు. నాకు పది నెలలు. వ్యాన్ చక్రం పక్కన కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకున్నాను, పెద్దసారు తిట్లు వినపడకుండా. చేతులు తీసేసరికి పైన చప్పట్లు. తమ్ముడు బాగా చచ్చిపోయాడట. అన్న దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "సారుకేం తెల్వలే," అన్నాడు. తర్వాత ఫోటోలమ్మ దగ్గరికి పోయి, నేల చూస్తూ, "తప్పు నాది బిడ్డా," అన్నాడు. పోతూ పోతూ నా వైపు తిరక్కుండానే అన్నాడు, "రేపు ఆరింటికి రా. అబద్ధాలు ఇంట్ల పెట్టి రా."

ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్లను తలుచుకుంటే నాకిప్పుడు జాలేస్తుంది, ముద్దూ వస్తుంది. వాన, జ్వరం అంటూ దేవుడికే పని చెప్పబోయింది. అక్షరాలు నేర్చుకోవడానికి దానికి ఇంకా ఇరవై రెండేళ్ళు పట్టింది. అడగడం మాత్రం ఒక్క పూటలో వచ్చింది.

మర్నాడు పొద్దున ఆరింటికి ముందే పోయాను. ఫోటోలమ్మ వచ్చేదాకా ఆగి, అందరి ముందే, గొంతు పెంచి అడిగాను. "అమ్మా, ఈ వ్యాన్ల ఏడేడ ఏం రాసున్నదో జర నాకు సదివి చెప్తవా?" ఆమె ఒక్కో చీటీ చదువుకుంటూ వచ్చింది. ఇది ఉతకాలి, ఇది ఉతకొద్దు, ఇది గుండీ కుట్టాలి. ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చేసరికి, గోడకున్న ఎడమవైపు ప్లగ్గు పైన అంటించిన కాగితం ముందు ఆగి, నా వైపు తిరిగింది. ఆ ప్లగ్గంటే నాకు ఎంతో ఇష్టం. అందరూ కుడివైపు ప్లగ్గు కోసం వరుసలో నిలబడి కొట్లాడుకుంటుంటే అది ఎప్పుడూ ఖాళీగా ఉండేది. నా అదృష్టమనుకుని రెండు నెలలుగా తడి చేతులతో అందులోనే పెట్టె పెడుతున్నాను. ఎప్పుడైనా చెయ్యి జివ్వుమంటే ఇస్త్రీ పెట్టెల గుణమే అంత అనుకునేదాన్ని.

"అక్కా," అంది ఫోటోలమ్మ మెల్లగా, "దీని మీద 'షాక్ కొడుతోంది, ముట్టుకుంటే ప్రాణం పోతుంది' అని రాసుంది."

నా పెట్టె వైరు చుట్టుకుని, కుడివైపు వరుసలో అందరి వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. అంతసేపూ కళ్ళు మూసుకుని, నేను అడగకుండానే రెండు నెలలుగా ఆ తల్లి ఇచ్చిన ఒక్కో రోజుకు ఒక్కో దండం పెట్టుకున్నాను.